మర్మశిల మీద మూడు దెబ్బలు

టిక్కు, టిక్కు, టంగు.

కొండ ఇంకా కనబడలేదు. కోవెల ఇంకా కనబడలేదు. ముందు వినబడినది ఆ చప్పుడే. తడిసిన దూదివంటి మంచు కంటికీ చేతికీ అడ్డుపడుతూ ఉండగా, ఎక్కడో ఎత్తునుండి, ఉక్కు రాతిని పలకరించే ధ్వని తేటగా దిగివచ్చింది. రెండు తేలిక దెబ్బలు, ఒక బరువు దెబ్బ, ఆపైన ఊపిరి తీసుకునేంత విరామం. మళ్ళీ టిక్కు, టిక్కు, టంగు.

నీళ్ళకావడి భుజాన మోస్తూ కొండమెట్లు ఎక్కుతున్న మాచన అడుగు మధ్యలో ఆగిపోయాడు. కుండలు రెండూ ఊగి నీళ్ళు చిందాయి. వెనుక వస్తున్న కావలిభటుడు ఈటెపిడితో అతడి వీపున పొడిచాడు.

"నడవరా మూగపీనుగా. మెట్టుమీద మొలిచావా?"

మాచన నోరు తెరిచి "బ్బ బ్బ" అన్నాడు. మాంత్రికుడి శిబిరంలో నీళ్ళవాడుగా చేరిన నాటినుండి అతడు పలికిన భాష అదొక్కటే.

ఉలి పట్టిన ప్రతి చేతికీ ఒక దెబ్బవరుస ఉంటుంది. ఒకరి వరుస మరొకరికి రాదు. పనిపాకలో, రాతిపొడి రాలే నీడలో, ఆ మూడు దెబ్బల జోలవింటూ నిద్రపోయిన పసివాడు మాచన. తల్లి అడుగులకంటె ముందుగా అతడు గుర్తించిన చప్పుడు అది. ఆ దెబ్బ కొట్టగల చేయి లోకంలో ఒక్కటే. గురువుగారు బ్రతికి ఉన్నారు.

చంద్రశిలా రాజ్యంలో ఏడు కోవెలలు ఉండేవి. కడలి అలలు గడప కడిగిన కోవెల ఒకటి, కార్చిచ్చు నడుమ కందని కోవెల ఒకటి, వెన్నెల పడితే వెండిగా మారే కోవెల ఒకటి. సున్నం లేదు, సీసం లేదు. రాతిలో రాయి ఒదిగి, బరువుమీద బరువు కుదిరి, తరతరాలుగా నిలిచిన కట్టడాలవి. వాటిని ఒకదాని వెనుక ఒకటిగా నేలకూల్చుతూ వచ్చాడు భస్మకేతుడనే మాంత్రికుడు. అతడు పొగ వేయగానే శిఖరం కుంగుతుందని, డప్పు మోగగానే గోపురం ఒరుగుతుందని జనం గడగడలాడారు. ప్రతి కోవెల పునాదిలోనూ కట్టినవారు పెట్టిన రత్నం ఒకటి ఉన్నది. ఏడు రత్నాలూ చేజిక్కితే భస్మకేతుడికి చావు లేదు. ఐదు ఇప్పటికే చిక్కాయి.

మాచనకు మాత్రం ఒక రహస్యం తెలుసు. మంత్రానికి రాయి కూలదు. పూర్వపు శిల్పులు ప్రతి కోవెలలోనూ ఒక మర్మశిలను ఉంచేవారు. కోవెల శిథిలమైన నాడు దానిని విప్పి తిరిగి నిలపడానికి ఏర్పరచిన రాయి అది. దానిని కదిలిస్తే కట్టడమంతా కదులుతుంది. అది ఎక్కడున్నదో తండ్రి నోట కొడుకు చెవికి, గురువు నోట శిష్యుడి చెవికి తప్ప తెలియదు. ఆ తెలివి మిగిలినది శిల్పులలో పెద్ద ఓజు అయిన గురువుగారొక్కరికే. వానలముందు ఆయన మాయమయ్యారు. మాంత్రికుడు చెరపట్టాడని, చిత్రహింస పెట్టి చెప్పించుకుంటున్నాడని లోకం అనుకున్నది. "చెర విడిపించి తెస్తాను, లేదా ఆ చెరలోనే చస్తాను" అని పనిపాక గడప తాకి ప్రమాణం చేసి, తన ఉలిని మొలలో దాచుకుని, మూగవాడి వేషం కట్టి బయలుదేరాడు మాచన.

మెట్లు ముగిశాయి. మంచు విడిపోయింది.

ఎదుట అరుణశృంగం మీద భాస్కరాలయం నిలిచి ఉన్నది. ఉదయకాంతి తాకి ఎర్రరాయి పగడమై, పగడం నిప్పై, నిప్పు పువ్వై విరిసినట్లున్నది. గుర్రాలు ఏడూ గోడనుండి ముందుకు దూకబోతున్నాయి. తీగలు స్తంభాలను చుట్టి పైకి పాకి, పైకప్పున పద్మమై విచ్చుకున్నాయి. తూర్పు గవాక్షంలోనుండి దూరిన తొలికిరణం గర్భగుడి చీకటిని చీల్చుకుంటూ దేవుడి పాదాలమీద వాలింది. ఆ కిరణానికి అది చివరి నమస్కారమని తెలియదు.

శిఖరం నడుమున వెదురుమంచె. మంచెమీద గురువుగారు.

మాచన కళ్ళు ముందుగా సంకెలకోసం వెతికాయి. కాళ్ళకు లేదు. చేతులవైపు చూశాయి. చేతికి ఉన్నది, కాని అది సంకెల కాదు, బంగారు కడియం. భుజాన పట్టుశాలువ, పక్కన గొడుగుపట్టే భటుడు, వెండిపళ్ళెంలో తాంబూలం. చెరలోనివాడి పక్కన ఈటె ఉంటుంది. ఇక్కడ గొడుగు ఉన్నది.

కింద నల్లని కంబళి కప్పుకుని ఒంటెమీద కూర్చున్న భస్మకేతుడు తల ఎత్తి అడిగాడు.

"ఓజుగారూ, ఇంత నిదానమా? నా డప్పులవాళ్ళకు చేతులు తిమ్మిరెక్కాయి."

"నీ పొగ తొందరపడవచ్చు మాంత్రికా. నా ఉలి తొందరపడదు. మా తాతల తాతలు నిలిపినదాన్ని దించడానికి కాస్త మర్యాద కావాలి."

"దించేవాడికి మర్యాద ఎందుకు?"

"అది ఎత్తినవాడికి తెలుస్తుంది. నీకు చెప్పినా తెలియదు. ఇక మోగించు."

డప్పులు మోగాయి. పొగ లేచింది. ఆ రొదలో, ఆ పొగమాటున, చివరి మూడు దెబ్బలు ఎవరికీ వినబడలేదు, మాచనకు తప్ప. మర్మశిల మెల్లగా, పాలపన్ను ఊడినట్లుగా, చోటునుండి జారింది. గురువుగారు నింపాదిగా మంచె దిగి వచ్చారు.

ఒక్క క్షణం ఏమీ కాలేదు. తరువాత కోవెల నిట్టూర్చింది. రాతికి రాతికి మధ్య నిదురించిన పాత గాలి ఒక్కసారిగా బయటికి వచ్చింది. శిఖరం తలవంచింది. కలశం కిందికి దొర్లింది. గుర్రాలు ఏడూ, ఇన్ని యుగాలుగా దూకబోయినవి, ఇప్పుడు నిజంగా దూకాయి. స్తంభం మీద స్తంభం, పద్మం మీద పద్మం, దేవత మీద దేవత పడి, కొండ కంపించి, కోన దద్దరిల్లి, ఎర్రని ధూళి ఎండను మింగింది. ధూళి తేరిన తరువాత తొలికిరణం వాలడానికి పాదాలు లేవు.

భటులు పునాదిని తవ్వి రాతిభరిణె పైకి తీశారు. మాంత్రికుడు కెంపును కంటికి ఎత్తి చూసి నవ్వాడు.

"ఇక మిగిలినది నాదగిరి కోవెల ఒక్కటే. దానికి ఎక్కటీలనే ఒంటరిపోరు వీరులు కావలి. ఒక్కొక్కడు పదిమందిని కొడతాడు. నా సేన అక్కడే ముక్కలవుతుంది."

"సేన ఎందుకు?" అన్నారు గురువుగారు, రాతిపొడి దులుపుకుంటూ. "శిఖరాన బీట వేసిందని చెబుతాను. మరమ్మతు జరగాలంటే ముందు దేవుడి కళను నీటికలశంలోకి దించి వేరేచోట ఉంచాలి. అది ఆచారం. ఎక్కటీలు ఒట్టు పెట్టుకున్నది దేవుడికి, రాతికి కాదు. కలశం ఎటు నడిస్తే అటు నడుస్తారు. కోట తలుపులు తెరిచి మరీ వెళతారు."

"బీట లేకపోతే?"

"నా చేతిలో ఉలి ఉన్నది కదయ్యా."

మాంత్రికుడు పగలబడి నవ్వుతూ రథాలు సిద్ధం చేయించడానికి వెళ్ళాడు. గురువుగారు చేతులు చాచి నీళ్ళవాణ్ణి పిలిచారు. మాచన కుండ వంచాడు. ధార పుట్టినప్పటినుండి నేర్చిన దారినే నడిచింది. ముందు ఉలిమీద పడింది, తరువాత చేతులమీద.

గురువుగారు తల ఎత్తలేదు.

"దాహానికి నీళ్ళిచ్చేవాడు ముందు చేతిమీద పోస్తాడు. ముందు ఉలికి పోసేవాడు ఒక్క మన పాకలోనే ఉంటాడు. చిక్కిపోయావు నాయనా మాచనా."

మాచన మూగతనం అక్కడితో విడిపోయింది.

"మిమ్మల్ని విడిపించడానికి వచ్చాను గురువుగారూ."

"ఎవరినుండి?"

ఆయన శాలువకొంగుతో ఉలిని తుడిచి, ఎండకు పట్టి చూసి, తీరికగా అడిగారు.

"ఈ శిఖరం ఎత్తినవాడు మా తాతల తాత. ఆయన పేరేమిటి?"

"నాకు తెలియదు."

"నాకూ తెలియదు. ద్వారబంధం మీద రాజు పేరు చెక్కారు, రాణి పేరు చెక్కారు, దీపానికి నూనె పోసినవాడి పేరూ చెక్కారు. రాయి మోసినవాడి పేరు చెక్కితే రాతికి బరువెక్కుతుందట. నన్ను పేరుపెట్టి పిలిచిన పెద్దలందరూ కాటికి పోయారు. చిన్నవాళ్ళు పలకరు. గురువు పేరు పలికిన శిష్యుడి ఉలి విరిచి చేతిలో పెడతారు, మళ్ళీ ఏ పాకలోకీ రానివ్వరు. అంటే, బ్రతికుండగానే నాకు పేరు లేదు. భస్మకేతుడు ఈ ఏడు కోవెలల రాళ్ళతో ఒక్క కోవెల కట్టిస్తాడు. దాని ద్వారం మీద నిలువెత్తు అక్షరాలతో నా పేరు ఉంటుంది. నడిచి వచ్చే ప్రతివాడూ పైకి చదవాలి."

"అందులో దేవుడు ఎవరు?"

గురువుగారు ఉలిని ఒరలో పెట్టుకున్నారు. మాచన ఆయన పాదాలు పట్టుకున్నాడు.

"మీ కంచంలో తిన్నాను. మీ జ్వరానికి నేను మేలుకున్నాను. నాదగిరిని విడిచిపెట్టండి. నా ప్రాణం తీసుకోండి."

"నీ ప్రాణం నాకెందుకురా పిచ్చివాడా" అన్నారాయన, ఎప్పటి వాత్సల్యంతోనే. తల నిమిరారు. ఆ చేతిని తల మీదినుండి తీయకుండానే గొంతు పెంచి, రాతిలో నెర్రె చూపినంత మామూలుగా అన్నారు: "భస్మకేతూ, ఈ నీళ్ళవాడు మూగవాడు కాడు."

ఈటెలు నాలుగు దిక్కులా లేచాయి. మాచన కావడిబద్ద ఊడబెరికి ఒకడి మోకాలు విరగ్గొట్టాడు, ఇంకొకడి తలమీదుగా దూకాడు, రాళ్ళగుట్ట ఎక్కాడు. భస్మకేతుడు పిడికెడు బూడిద విసిరాడు. శిథిలాలలో ఒరిగి ఉన్న ద్వారపు యాళి కళ్ళు తెరిచింది. సింహపు ఒడలు, ఏనుగు తొండం, కత్తులవంటి కోరలు. ఒళ్ళు విరుచుకుంటే ధూళి జలజల రాలింది. అది ఒక్క దూకుతో గుట్టపైకి వచ్చింది.

మాచన పరుగెత్తాడు. విరిగిన స్తంభం దాటాడు, ఒరిగిన ఏనుగు కిందినుండి దూరాడు, పగిలిన మెట్ల అంచు పట్టుకుని వేలాడి మళ్ళీ ఎక్కాడు. ఎటు తిరిగినా యాళి. పిడుగులు పడినట్లు అడుగులు. చివరకు కాలికింద కొండ అయిపోయింది. కింద, చాలా కింద, శోణానది నురుగు కక్కుతున్నది.

యాళి నోరు తెరిచింది. దాని నోటిలో రాతిగుండు గిరగిర తిరుగుతున్నది. ఆ గుండును లోపలినుండే చెక్కుతారు. దొర్లుతుంది, బయటికి రాదు. గుండు దొర్లినంతసేపే యాళికి ఊపిరి అని పాకలో పిల్లలకు చెప్పే మాట. మాచన వెనుకకు తగ్గలేదు. కావడిబద్దను రెండు చేతులా పట్టి, ఆ నోటిలోకి, మోచేయిదాకా దూర్చి, గుండుకూ దవడకూ మధ్య బిగగొట్టాడు.

గుండు ఆగింది. యాళి గాలిలోనే రాయి అయింది. ఆ బరువుకు అంచు విరిగింది. రాయి, మనిషి, కొండచరియ కలిసి నదిలోకి కూలారు.

అతడు కళ్ళు తెరిచేసరికి గుండ్రని పుట్టిలో ఉన్నాడు. పుట్టి నడిపే ముసలామె పేరు పేరిందేవి. ఆమె తెడ్డు వేస్తూ అతణ్ణి ఎగాదిగా చూసింది.

"మేలుకున్నావా అబ్బాయ్? నిన్నంతా కలవరించావు. గురువుగారూ, గురువుగారూ అని. అప్పిచ్చాడా ఏమిటి?"

"అవ్వా, ఈ నది నాదగిరికి పోతుందా?"

"పోతుంది. మధ్యలో ఏడుసుడుల మడుగు ఉంది. నేను దాటించను, నాకింకా బ్రతకాలని ఉంది."

"అక్కడ కోవెల కూలబోతున్నది."

ఆమె తెడ్డు వేయడం ఆపింది.

"ఆ కోవెల స్తంభం మోగితేనే నా పెళ్ళి ముహూర్తం పెట్టారు. గట్టిగా పట్టుకో. పడిపోతే ఎత్తను."

పుట్టి సుడిలోకి దూకింది. మొదటి సుడి వారిని గుండ్రంగా తిప్పింది, రెండవది గాలిలోకి విసిరింది, మూడవది మింగి మళ్ళీ ఉమిసింది. ముసలామె తెడ్డు నీటిని కొట్టలేదు, బుజ్జగించి తన మాట వినేటట్లు చేసింది. సూర్యుడు పడమటికి వాలేవేళకు నాదగిరి కనబడింది.

కొండమీద నీలిరాతి కోట. కోటలో నాదేశ్వరాలయం. మీటితే మోగే స్తంభాలు, గాలి తగిలితే గుసగుసలాడే గవాక్షాలు. మాచన కొండదారిన పైకి పరుగెత్తాడు. కోటబురుజు కింది మలుపులో ఊరేగింపు ఎదురైంది.

వాద్యాలు లేవు. కలశం నడిచేటప్పుడు వాద్యం మోగకూడదు. ముందు వృద్ధార్చకుడు, తలమీద దారాలు చుట్టిన నీటికలశం. వెనుక ఎక్కటీలు, మొలలో కత్తులు, చెప్పులు లేని పాదాలు. పైన కోట తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి.

మాచన దారికి అడ్డంగా నిలిచాడు. ఎక్కటీల పెద్ద గండమ నాయకుడు, నెరిసిన మీసాల వాడు, కత్తిపిడి మీద చేయి వేశాడు.

"తప్పుకో. దేవుడు వస్తున్నాడు."

"నాయకా, వెనక్కి మళ్ళండి. గుడి కూలబోతున్నది."

"గుడి వెనకాల ఎక్కడున్నదయ్యా? గుడి ఇదిగో, ఈ కలశంలో ఉన్నది. వెనకాల ఉన్నది రాయి."

"రేపు ఈ నీళ్ళను ఎక్కడికి తెస్తారు? ఎవరి పాదాలమీద పోస్తారు? మాంత్రికుడి రథాలు తోపులో దాగి ఉన్నాయి, నదినుండి చూశాను. ఏడవ రత్నం దొరికితే అతడికి చావు లేదు. ఆ శిఖరానికి బీట వేయలేదు, వేయించారు."

అర్చకుడు కలశం పట్టుకున్న చేతులు కదలకుండా కోపంగా అన్నాడు.

"ఓజుగారు స్వయంగా నన్ను మంచె ఎక్కించి బీట చూపారు. ఆయన చూపిన బీటకు మించిన సాక్ష్యం ఏమున్నది?"

"ఆ బీట ఆయన చూపినదే కాదు, పెట్టినదీ ఆయనే."

ఎక్కటీలలో గుసగుస పుట్టింది. గండమ నాయకుడు చేయి ఎత్తగానే ఆగింది.

"విను. కలశాన్ని విడిచి ఎక్కటి వెనక్కి తిరగడానికి దారి ఒక్కటే. ద్రోహం మోపేవాడు కలశం ఎదుట ద్రోహి పేరు బిగ్గరగా పలకాలి. పేరు పలకని నేరానికి మా కత్తి లేవదు. చెప్పు, ఎవడు?"

"నా గురువు."

"అది వావి. పేరు కాదు."

"పెద్ద ఓజుగారు."

"అది పని. లోపల ఉన్నవాళ్ళంతా ఓజులే. దేవుడికి పేరు కావాలి."

అంతలో పైన కోటబురుజు మీద శాలువ మెరిసింది. గురువుగారు గోడమీదికి వంగి చూశారు. ఆయన గొంతులో తొట్రుపాటు లేదు.

"నాయకా, వాడు నా శిష్యుడే. పాపం, ఏట్లో పడి జ్వరం తగిలింది. తిట్టకండి, కొట్టకండి. ఏదో అంటున్నాడంటే విని దాటిపొండి. వాణ్ణి నా పేరు అడుగుతున్నారా? అడగండి, అడగండి. చంపినా పలకడు. అలా పెంచాను."

ఆయన నవ్వారు. ఆ నవ్వులో గర్వం ఉన్నది. తాను చెక్కిన బొమ్మను చూసుకునే గర్వం. శాలువ వెనుకకు మళ్ళింది.

"విన్నావుగా" అన్నాడు గండమ నాయకుడు. "పలకలేనివాడివి దారి విడు."

అర్చకుడు అడుగు ముందుకు వేశాడు. ఎక్కటీలు అడుగు ముందుకు వేశారు.

అప్పుడు పైనుండి వినబడింది. టిక్కు, టిక్కు, టంగు. ఈసారి డప్పులు ఇంకా మోగలేదు. ఆ బరువు దెబ్బకు నాదేశ్వరుడి స్తంభాలన్నీ ఒక్కసారిగా ఝుమ్మన్నాయి. పంటి కింద రాయి పడినట్లు, వీణకు తీగ తెగబోయినట్లు, ఆ ఝంకారం కొండ దిగి వచ్చి కలశంలో నీటిని వణికించింది. అర్చకుడు ఆగిపోయాడు. గండమ నాయకుడు మాత్రం పైకి చూడలేదు. అతడు మాచన నోటిని చూస్తున్నాడు.

మాచన మొలలోనుండి ఉలి తీశాడు. పిడి అరిగిన ఉలి. అక్షరాభ్యాసం నాడు గురువుగారు తన వేళ్ళతో ఈ వేళ్ళను మడిచి పట్టించిన ఉలి. దానిని దారిలో, కలశం ఎదుట, నేలమీద పెట్టాడు. మడమ ఎత్తి, అరిగిన పిడిమీద మోపి, విరిచాడు.

పైన మళ్ళీ రెండు తేలిక దెబ్బలు పడ్డాయి. బరువు దెబ్బకు ముందు ఊపిరంత విరామం.

ఆ విరామంలో, కొండంతా వినబడేటట్లు, మాచన పలికాడు.

"కాచోజు."